నల్లగొండ పెరట్లో రాస్‌బెర్రీ: ఆకుల అంచులు ఎందుకు మాడుతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: మాది నల్లగొండ. ఇంటి వెనక వంద గజాల ఖాళీ జాగ ఉంది, ఎర్ర చెల్క నేల. మా అమ్మాయి అడిగిందని ఫిబ్రవరిలో ఆన్‌లైన్‌లో మూడు రాస్‌బెర్రీ మొక్కలు తెప్పించినం. రెండు నేలలో, ఒకటి నల్లటి ప్లాస్టిక్ కుండీలో పెట్టినం. మార్చి దాకా మంచిగనే చిగురేసినయి. ఏప్రిల్ నుంచి ఆకుల అంచులు మాడుతున్నయి, కొత్త ఆకులు పసుపు రంగులో వస్తున్నయి. నేలలో పెట్టినవాటిలో ఒకటి నీళ్లు పోస్తుండంగనే నాలుగు రోజులల్ల వాడిపోయి చచ్చిపోయింది. రోజూ రెండు పూటలా బోరు నీళ్లు పోస్తున్నం. మిగిలిన రెండు బతుకుతయా? అసలు మా నేలలో రాస్‌బెర్రీ కాస్తదా, లేకపోతే వేరే ఏదన్నా పెట్టుకోవాల్నా?

సమాధానం: మిగిలిన రెండు మొక్కల్నీ ఈ ఎండాకాలం గట్టెక్కించుకోవచ్చు. అయితే ఒక మాట ముందే నిక్కచ్చిగా చెప్పాలి. నల్లగొండలో రాస్‌బెర్రీ కుండీలో పెట్టి, ఎండాకాలమంతా నీడలో కాపాడుకుంటే, చలికాలంలో గుప్పెడు పండ్లు ఇచ్చే మొక్క. నేలలో నాటి ఏటేటా గిన్నెలు నింపుకునే పంట మాత్రం కాదు. మీ అమ్మాయి కోరిక కొమ్మ మీది నుంచి తెంపుకుని నోట్లో వేసుకునే మెత్తటి పండు అయితే, ఆ జాగలో మల్బరీ పెట్టండి. మీ ఎండకు అది తట్టుకుంటుంది, ఏడాదికి రెండు మూడు సార్లు కాస్తుంది. రెండింటి గురించీ వివరంగా చెబుతాం.

రాస్‌బెర్రీ చలిదేశాల పొద. వేరు ఏళ్ల తరబడి బతికినా, నేలలోంచి లేచే ఒక్కో కొమ్మకు రెండేళ్లే ఆయుష్షు. మొదటి ఏడు ఆకులేసి నిలువునా ఎదుగుతుంది, చలికాలం నిద్రపోతుంది, రెండో ఏడు పూసి, కాసి, ఎండిపోతుంది. ఆ నిద్రకు ఒక లెక్క ఉంది. ఏడు డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలి, చాలా రకాలకు 800 గంటల నుంచి 1,800 గంటల వరకు అందాలి. తక్కువలో తక్కువ 800 గంటలన్నా, రాత్రింబవళ్లు ఎడతెగకుండా 33 రోజులు. నల్లగొండ కొండల మీది ఊరు కాదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో కూడా పది డిగ్రీల కిందికి దిగడమే అరుదు, ఇక పగలు ముప్పై దగ్గర ఉంటుంది. అంటే ఆ మొక్క అడిగే చలి ఇక్కడ దాదాపు సున్నా. చలి అందని కొమ్మ మీద మొగ్గలు మొండికేస్తాయి. కొన్ని విచ్చుకుంటాయి, చాలావరకు అలాగే మూసుకుని ఉండిపోతాయి. రాస్‌బెర్రీ, స్ట్రాబెర్రీ అనగానే మహాబలేశ్వరం పేరు వినబడేది అందుకే. అది 1,300 మీటర్లకు పైన ఉన్న కొండ ఊరు.

చలి లేకపోవడం పండ్లకు అడ్డం. మొక్క ప్రాణం తీసేది మాత్రం ఎండ. ముప్పై డిగ్రీలు దాటితే రాస్‌బెర్రీ ఆకు ఆహారం తయారుచేయడం బాగా తగ్గిపోతుంది. మనకు ఏప్రిల్, మే నెలల్లో 42 నుంచి 45 డిగ్రీలు, దానికి తోడు పడమటి వడగాలి. వేళ్లు లోతుకు పోవు, ఎక్కువ భాగం పై అడుగు మట్టిలోనే పరుచుకుంటాయి. నేల పైపొర కాలితే వేరే కాలినట్టు.

ఇప్పుడు మీరు రాసిన మూడు లక్షణాల సంగతి. మూడింటికీ కారణాలు వేరు, అందుకే మందూ వేరు.

ఆకుల అంచులు మాడడం ఎండ ఒక్కదానివల్ల కాదు, మీ బోరు నీళ్ల వల్ల కూడా. నల్లగొండ నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మొక్కకు అంతకంటే ముందు దెబ్బ తగిలేది నీళ్లలోని ఉప్పు నుంచి. మొక్క నీటిని ఆకు అంచు దాకా లాగి ఆవిరి చేస్తుంది, ఉప్పు అక్కడే మిగిలిపోతుంది. అందుకే మాడు అంచున మొదలై లోపలికి పాకుతుంది. పండ్ల మొక్కల్లో ఉప్పును ఏమాత్రం ఓర్చుకోలేని వాటిలో రాస్‌బెర్రీ ఒకటి. నీళ్లలో కరిగిన ఉప్పును కొలిచే టీడీఎస్ మీటర్ ఒకటి తెచ్చుకుని బోరు నీళ్లు చూడండి. 500 లోపు ఉంటే ఫరవాలేదు. 500 దాటితే కుండీని తరచూ కడగాల్సి వస్తుంది. 1,000 దగ్గర ఉంటే ఆ నీళ్లు ఈ మొక్కకు పోయనే వద్దు. ఇంకొక పొరపాటు చాలా ఇళ్లలో చూస్తుంటాం: ఆర్‌ఓ ఫిల్టర్ నుంచి వృథాగా పోయే నీళ్లు పారబోయడం ఎందుకని కుండీల్లో పోస్తారు. ఫిల్టర్ వడకట్టిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. అవి బాత్రూం కడగడానికి వాడండి, మొక్కలకు వద్దు.

మరి ఏ నీళ్లు పోయాలి? మీ వీధికి మిషన్ భగీరథ నల్లా ఉంటే ఆ కృష్ణా నీళ్లు బోరు కంటే ఎంతో నయం. ఒక రాత్రి బకెట్‌లో నిలవబెట్టి పోయండి. ఏసీ ఉంటే దాని పైపు నుంచి కారే నీళ్లను డబ్బాలో పట్టండి. గాలిలోని తేమ చల్లబడి కారే నీళ్లు గనుక వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. రెండు మూడు కుండీలకు అవి చాలు. వానాకాలంలో డాబా మీది నీళ్లు, మొదటి వాన వదిలేసి, డ్రమ్ములో నింపుకోండి.

కొత్త ఆకులు పసుపు పచ్చగా రావడం రెండో జబ్బు. ఒక లేత ఆకు తెంపి వెలుతురుకు పెట్టి చూడండి. ఈనెలు ఆకుపచ్చగానే ఉండి, మధ్య భాగం వలలాగ పసుపుగా కనిపిస్తే అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము లేక కాదు. రాస్‌బెర్రీకి కొంచెం పులుపు నేల కావాలి, ఉదజని సూచిక (పీహెచ్) 5.6 నుంచి 6.5 మధ్య. మీ బోరు నీళ్లలో బైకార్బనేట్లు ఎక్కువ. గీజరులో, నీళ్లు కాచే గిన్నెలో తెల్లగా పేరుకునే పొర అవే. రోజూ రెండు పూటలా అవి పడుతుంటే మట్టి సున్నం వైపు జరిగి, ఇనుము వేరుకు అందకుండా బిగుసుకుంటుంది. ఈ పసుపు ఆకు మీ జిల్లా బత్తాయి రైతులకు బాగా తెలిసిందే, వాళ్లు చేసే మందే దీనికీ పనిచేస్తుంది. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము. ముందు నిమ్మ ఉప్పు కరిగించి, తర్వాత అన్నభేది వేయండి. వరస మారితే ద్రావణం తుప్పు రంగు తిరిగి పనికిరాకుండా పోతుంది. కలిపిన రోజే, పొద్దుగూకాక, ఆకుల రెండు వైపులా తడిసేలా పిచికారీ చేయండి. వారం తర్వాత మరోసారి. మాడిపోయిన పాత ఆకు మళ్లీ పచ్చబడదు, కొత్తగా వచ్చే చిగురును చూసి ఫలితం లెక్కపెట్టుకోండి. ఎండ నలభై దాటుతున్న రోజుల్లో మాత్రం ఈ పని మానుకోండి. ఆకు మీద మచ్చలు పడతాయి. మీ మొక్కలకు ఇప్పుడు ముందు నీడ, మంచి నీళ్లు ఇవ్వండి. అన్నభేది మృగశిర కార్తె దాటాక.

చచ్చిపోయిన మొక్క కథ వేరు. దానికి నీళ్లు తక్కువై కాదు, ఎక్కువై పోయింది. ఇంకా తీసి పారేయకపోతే తవ్వి వేరు చూడండి. ఆరోగ్యంగా ఉన్న వేరు లోపల తెల్లగా ఉంటుంది. మీ వేలితో లాగగానే పై తోలు తొడుగులాగ జారి, లోపల ఇటుక రంగులో ఉంటే అది వేరుకుళ్లు. చెల్క నేల పైకి గుల్లగానే ఉంటుంది, కానీ చాలాచోట్ల అడుగు, అడుగున్నర కింద గట్టి మొరం తగులుతుంది. అందులో గుంత తీసి మొక్క పెడితే అది గుంత కాదు, గిన్నె. రెండు పూటలా పోసిన నీళ్లు ఆ గిన్నెలో నిలిచి వేరు ఊపిరాడక, బూజు పట్టి కుళ్లుతుంది. వేరు కుళ్లిన మొక్క పైకి చూస్తే నీళ్లు లేక వాడినట్టే ఉంటుంది. అది చూసి ఇంకా పోస్తాం. అందుకే పోసేముందు వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడడం అలవాటు చేసుకోండి. లోపల తడి తగిలితే ఆ పూట పోయవద్దు. ఆ గుంతలో మళ్లీ రాస్‌బెర్రీ నాటవద్దు.

మిగిలిన రెండింటికి ఈ వారమే చేయాల్సింది ఇది. నేలలో ఉన్నదాన్ని ఇప్పుడు కదిలించవద్దు, ఈ ఎండలో వేరు కదిలితే చచ్చిపోతుంది. దానికి పడమర, దక్షిణం వైపు నాలుగు గుంజలు పాతి 50 శాతం షేడ్‌నెట్ కట్టండి. పైన కూడా కప్పండి, కానీ మొక్క కొనకు నెట్‌కు మధ్య కనీసం రెండడుగుల ఖాళీ ఉండాలి. తూర్పు, ఉత్తరం తెరిచే ఉంచండి. నాలుగు వైపులా చుట్టేస్తే గాలాడక లోపల ఇంకా ఉడుకుతుంది. కుండీలో ఉన్నదాన్ని పొద్దున పది దాకా మాత్రమే ఎండ తగిలే గోడ నీడకు, తూర్పు వైపుకు మార్చండి. నల్లటి కుండీ ఎండకు పెనంలాగ కాలుతుంది. మధ్యాహ్నం రెండింటికి దాని గోడ మీద చేయి పెట్టి చూడండి, నిమిషం ఉంచలేరు. లోపల వేళ్లు ఆ గోడకే ఆనుకుని ఉంటాయి. తడి గోనెసంచి చుట్టండి, లేదా దాన్ని ఇంకో పెద్ద మట్టి కుండీలో దించి మధ్యలో ఇసుక పోసి ఆ ఇసుకను తడుపుతుండండి. ఈ రెండో పద్ధతి మంచిది.

మొదలు చుట్టూ మూడంగుళాల మందాన వేరుశనగ పొట్టు పరవండి, కాండానికి రెండంగుళాలు వదిలి. పాలమూరు, నల్లగొండల్లో పొట్టుకు కరువు లేదు. వరిగడ్డి కూడా పనికొస్తుంది కానీ ఎర్రనేలలో దాని కింద చెదలు త్వరగా చేరతాయి. ఏది పరిచినా కింద మొక్కకు వంద గ్రాముల వేపపిండి చల్లండి. నీళ్లు పొద్దున ఒక్కపూటే, పద్దెనిమిది అంగుళాల కుండీకి రెండు మూడు లీటర్లు. పదిహేను రోజులకోసారి మంచి నీళ్లు కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా పోసి, పేరుకున్న ఉప్పును కడగండి. మే నెల అంతా ఎరువు ఏదీ వేయవద్దు. యూరియా అసలే వద్దు. ఆకులు చాలావరకు మాడి ఉంటే భయపడి కొమ్మలన్నీ కోసేయకండి. పూర్తిగా ఎండి, గోరుతో గీరితే లోపల గోధుమ రంగు కనిపించే కొమ్మల్ని మాత్రం మొదలుకు కోయండి. లోపల పచ్చగా ఉంటే ఉంచండి. పైనంతా ఎండినా, వేరు బతికి ఉంటే తొలకరి పడ్డాక మొదట్లోంచి కొత్త కొమ్మ లేస్తుంది.

ఈ నెల రోజులు ఎర్రనల్లిని కనిపెట్టుకుని ఉండాలి. పొడి ఎండలో దాని సంతతి రోజుల్లోనే పెరుగుతుంది. ఆకు పైన సన్నటి తెల్లచుక్కలు, అడుగున బూడిద చల్లినట్టు ఉంటే, ఆకు కింద తెల్ల కాగితం పెట్టి రెండుసార్లు తట్టండి. కాగితం మీద పడ్డ ఎర్రచుక్కలు నడుస్తుంటే అవి నల్లులే. పొద్దున్నే ఆకుల అడుగు భాగాన నీళ్లు గట్టిగా చిమ్మి కడగండి, నాలుగు రోజులు వరసగా. తగ్గకపోతే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. నీళ్లలో కరిగే గంధకం నల్లికి మంచి మందే, కానీ 32 డిగ్రీలు దాటిన ఎండలో ఆకును కాల్చేస్తుంది. మీకు అది చలికాలం మందు.

ఇంతదాకా వచ్చాక ఒక అనుమానం తీర్చుకోండి: మీకొచ్చింది అసలు రాస్‌బెర్రీయేనా? ఆన్‌లైన్‌లో ఈ పేరుతో మల్బరీ, బ్లాక్‌బెర్రీ, మైసూర్ రాస్‌బెర్రీ అన్నీ అమ్ముడవుతున్నాయి. ఆకు తెంపితే తెల్లటి పాలు కారితే అది మల్బరీ. సంతోషించండి, నేలలో నాటుకోండి. ఒక కాడకు మూడు లేక ఐదు చిన్న ఆకులుండి, ఆకు అడుగు భాగం తెల్లటి నూగుతో ఉంటే రాస్‌బెర్రీ. ఐదు నుంచి తొమ్మిది దాకా చిన్న ఆకులు, కొమ్మ మీద వేలితో రుద్దితే చెదిరే బూడిదలాంటి తెల్లపొడి, వంకర ముళ్లు ఉంటే అది మైసూర్ రాస్‌బెర్రీ. పండాక పోలికలు ఇంకా తేలిక. రాస్‌బెర్రీ కోస్తే నడుమ బొడిపె కొమ్మకే ఉండిపోయి, పండు టోపీలాగ బోలుగా చేతికొస్తుంది. బ్లాక్‌బెర్రీ అయితే బొడిపెతో సహా ఊడివస్తుంది. విత్తనాల పొట్లాలు మాత్రం కొనవద్దు. నీలం, పసుపు, నలుపు రాస్‌బెర్రీల బొమ్మలు వేసి అమ్ముతున్నారు. మంచి విత్తనమే అయినా దానికి నెలల తరబడి చల్లటి తడి చూపిస్తేనే మొలుస్తుంది, మొలిచినా తల్లి లక్షణం వస్తుందన్న హామీ లేదు.

మీ ప్రాంతంలో ప్రయోగం చేయదలిస్తే మైసూర్ రాస్‌బెర్రీకే మేం ఎక్కువ మార్కులు వేస్తాం. దక్షిణాది కొండల్లో సహజంగా పెరిగేది, చలి నిద్ర అడగదు. పండు మొదట ఎర్రబడి, తర్వాత ఊదా నలుపుకు తిరుగుతుంది. అమెరికాలో ఫ్లోరిడా దక్షిణ భాగాన కూడా పెంచుతారు. కానీ అక్కడి తేమతో కూడిన ఎండ వేరు, మన పొడి వడగాలి వేరు, కాబట్టి నీడ మాట దీనికీ తప్పదు. కొమ్మలు పొడుగ్గా వంగి, కొన నేలను తాకిన చోట వేరు పెడుతుంది. అలా వచ్చిన పిల్లను వేరుచేసి ఇంకో కుండీలో పెట్టుకోవచ్చు. నేల మీద స్వేచ్ఛగా వదిలేస్తే పొదలా అల్లుకుంటుంది. హవాయి, గలపగోస్ దీవుల్లో అది అడవుల్ని ఆక్రమించే బెడదగా మారింది. మన ఎండలో అంత సాహసం చేయదు గాని, కాలువ పక్కన, చెరువు కింద మాత్రం నాటవద్దు.

అసలు ఎర్ర రాస్‌బెర్రీనే కావాలంటే, మొదటి ఏడాది కొమ్మ కొసనే కాసే రకాలు అడగండి. ఇవి రెండో ఏడు దాకా ఆగవు, లేచిన కొమ్మ చివర ఆ సంవత్సరమే పూస్తుంది గనుక చలి మీద ఆధారం తక్కువ. 1969లో న్యూయార్క్ రాష్ట్రం జెనీవాలోని పరిశోధనా కేంద్రం విడుదల చేసిన హెరిటేజ్ ఇలాంటిదే, మన నర్సరీల్లోనూ ఆ పేరు వినిపిస్తుంది. ఫిబ్రవరిలో నాటడం మీరు చేసిన అసలు తప్పు. మొక్క వేరు పట్టుకునే లోపే ఎండలు వచ్చేశాయి. వానలు తగ్గాక, సెప్టెంబరు చివర లేదా అక్టోబరు మొదట్లో నాటితే దానికి ఐదు నెలల చల్లటి కాలం దొరుకుతుంది.

మట్టి మిశ్రమం ఇలా కలపండి. నాలుగు పాళ్లు చెల్క మట్టి, మూడు పాళ్లు కొబ్బరిపొట్టు, రెండు పాళ్లు వర్మీకంపోస్టు లేదా బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ముతక ఇసుక. కొబ్బరిపొట్టు ఇటుకలో తరచుగా ఉప్పు ఉంటుంది. మంచినీళ్లలో నానబెట్టి, పిండి, మళ్లీ నానబెట్టి, ఇలా రెండు మూడుసార్లు కడిగాకే కలపండి. మట్టి తెచ్చేముందు గుప్పెడు ఎండుమట్టి మీద వెనిగర్ పోసి చెవి దగ్గర పెట్టుకోండి. బుసబుసమని నురగ లేస్తే అందులో సున్నం ఉంది, ఆ మట్టి వద్దు. నల్లరేగడి అసలే వద్దు. దానికి ఉదజని సూచిక సాధారణంగా ఎనిమిది దగ్గర ఉంటుంది, పైగా నీళ్లు పట్టి ఉంచుతుంది. కుండీ తెల్లదో మట్టిదో చూసుకోండి, పద్దెనిమిది అంగుళాల వెడల్పు, అంతే లోతు, అడుగున నాలుగైదు రంధ్రాలు. నర్సరీ సంచిలో మొక్క ఎంత లోతున ఉందో అంతే లోతున పెట్టండి, మొదలు పూడ్చవద్దు. వెనక మూడు కర్రలు పాతి కొమ్మల్ని సుతిలితో వదులుగా కట్టండి. నవంబరు నుంచి నెలకోసారి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు చాలు.

చలి సరిపోకపోతే ఫ్రిజ్‌లో పెట్టొచ్చా అని కొందరు అడుగుతుంటారు. పెద్ద తోటల వాళ్లు వెచ్చటి దేశాల్లో చేసేది అదే, కొమ్మల్ని చలి గిడ్డంగుల్లో నెలల తరబడి ఉంచి తర్వాత నాటుతారు. ఇంట్లో ప్రయత్నించాలంటే పచ్చగా ఎదుగుతున్న మొక్కను పెట్టకూడదు. నీళ్లు తగ్గించి, ఆకు రాలనిచ్చి, కొమ్మను నాలుగంగుళాలకు కోసి, వేరును తడి కొబ్బరిపొట్టులో చుట్టి, పాలిథిన్ సంచిలో కట్టి కింది అరలో 45 రోజులు. ఆ అరలో ఆపిల్, అరటి, మామిడి ఉండకూడదు, వాటి నుంచి వచ్చే వాయువు మొగ్గను పాడుచేస్తుంది. బూజు పడుతుందేమో వారానికోసారి చూసుకోండి. ఇది ప్రయోగం కిందే లెక్క, ఒక్క మొక్కతో చేసి చూడండి.

అన్నీ సరిగ్గా పడితే డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు పూత, కొద్దిపాటి కాపు. చల్లటి ప్రాంతాల్లో ఒక్కో మొక్కకు కిలో, రెండు కిలోలు కోస్తారు. మీకు పది పన్నెండు పండ్లు వస్తే అది మంచి ఫలితమే. కాపు అయ్యాక మార్చి మొదట్లో కాసిన కొసల్ని కోసేసి, మొక్కను నీడకు చేర్చండి.

ఇక మల్బరీ. కంబళి చెట్టు అని, పట్టుపురుగుల ఆకు అని ఊళ్లలో అనేది దీన్నే. రాస్‌బెర్రీ మీకు ఎన్ని ఇబ్బందులు తెచ్చిందో ఇది అన్నిటికీ ఎదురు నిలుస్తుంది. 44 డిగ్రీల్లో ఆకు వాలుస్తుంది తప్ప చావదు, మీ బోరు నీళ్లతోనూ బతుకుతుంది, చెల్క నేలలో వేరు లోతుకు దించుకుంటుంది. చలి అడగదు.

మొక్క కొనాల్సిన పని కూడా లేదు. కానీ ఒక షరతు: మీ కళ్లముందు కాసిన చెట్టు నుంచే కొమ్మ తెచ్చుకోండి. మల్బరీలో మగ చెట్లు ఉంటాయి, అవి జన్మలో కాయవు. పట్టు రైతుల దగ్గర దొరికేవి ఆకు కోసం ఎంచిన రకాలు. పండు చిన్నగా ఉంటుంది. చూపుడు వేలంత పొడుగు పండ్లు కాసే రకాన్ని నర్సరీల్లో షహతూత్ అని అమ్ముతారు, పిల్లలకు అదే నచ్చుతుంది. ఆరేడు నెలల వయసున్న, పెన్సిల్ మందం కొమ్మను ఏడెనిమిది అంగుళాల ముక్కలుగా కోయండి. ఒక్కో ముక్కకు మూడు నాలుగు మొగ్గలుండాలి. కింది కొస ఏటవాలుగా, పై కొస అడ్డంగా కోస్తే ఏది పైకో మరిచిపోరు. మూడో వంతు పైకి కనిపించేలా, మిగతాది ఇసుక కలిపిన మట్టి సంచిలో గుచ్చి నీడలో పెట్టండి. జూన్, జూలైలో చేస్తే నెల రోజుల్లో వేరు పడుతుంది. ఆకులు ముందే వస్తాయి, వాటిని చూసి వేరు పట్టిందనుకుని లాగి చూడవద్దు. పదింటిలో మూడు నాలుగు పోవడం మామూలే, కాబట్టి ఐదారు ముక్కలు పెట్టుకోండి.

మూడు నెలల మొక్కను రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు గుంతలో నాటండి. మొరం తగిలితే గడ్డపారతో దాన్ని పగలగొట్టాకే పూడ్చండి. పది కిలోల పశువుల ఎరువు, అరకిలో వేపపిండి మట్టితో కలపండి. ఇంటి గోడకు, నీళ్ల సంపుకు, సెప్టిక్ ట్యాంకుకు కనీసం ఎనిమిదడుగుల దూరం పాటించండి, వేరు బలమైనది. బట్టలారేసే తీగ కింద, కారు నిలిపే చోట వద్దు. రాలిన పండు మరక సిమెంటు గచ్చు మీద కూడా అంత సులభంగా పోదు.

కాపు రావడం మీ కత్తెర చేతిలో ఉంది. మల్బరీ కొత్త చిగురుతో పాటే పూస్తుంది, కొత్త చిగురు కొమ్మ కోస్తే వస్తుంది. బత్తాయి తోటను పూత కోసం కొన్నాళ్లు బెట్టకు వదిలేస్తారు కదా, ఇక్కడా పని అలాంటిదే. పది రోజులు నీళ్లు ఆపండి. పక్క కొమ్మల్ని సగానికి కోసి, మిగిలిన ఆకులన్నీ చేత్తో దూసేయండి. తర్వాత చెట్టుకు ఐదు కిలోల ఎరువు వేసి నీళ్లు నిండుగా కట్టండి. పది పదిహేను రోజుల్లో ప్రతి కణుపునా చిగురు విచ్చుకుంటుంది, దాని మొదట్లో పచ్చటి చిన్న గొంగళిపురుగులాంటి పూత వేలాడుతుంది. అక్కడి నుంచి ఐదారు వారాల్లో పండు. ఏడాదికి జనవరి, జూలై నెలల్లో రెండుసార్లు ఇలా చేయండి. చెట్టు బలంగా ఉంటే అక్టోబరులో మూడోసారి. ఏప్రిల్, మే నెలల్లో కత్తెర ముట్టవద్దు, ఆకు నీడ పోయిన కొమ్మ తోలు ఎండకు పగులుతుంది. కోయకుండా వదిలేస్తే మల్బరీ ఇరవై అడుగులు పోతుంది, పండ్లన్నీ పిట్టలకే అందుతాయి. ఆరడుగుల్లో తల తుంచుతూ ఉండండి.

మల్బరీకి వచ్చే పెద్ద బెడద పిండినల్లి. చిగుళ్లు ముడతపడి, గుబురుగా చేరి, మధ్యలో దూదిలాంటి తెలుపు కనిపిస్తే ఆ కొసల్ని అక్కడికక్కడే కోసి సంచిలో మూటకట్టి తగలబెట్టండి. పక్కన పడేస్తే చీమలు వాటిని మళ్లీ చెట్టెక్కిస్తాయి. మిగిలిన చెట్టుకు లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల సబ్బు ద్రావణం కలిపి, ఐదు రోజుల తేడాతో రెండుసార్లు. పండ్లు ఉన్న చెట్టుకు, తినే చేతికి తగిలే దానికి, పురుగుమందు వద్దు. పండు రంగు తిరగగానే గోరింకలు, పికిలిపిట్టలు వచ్చేస్తాయి. సన్నటి నైలాన్ వల కప్పేటప్పుడు కింది అంచును నేలకు రాళ్లతో బిగించండి. వదులుగా వేలాడితే పిట్టలు అందులో చిక్కుకుని చచ్చిపోతాయి.

మీ వంద గజాల్లో ఇంకో మొక్కకు చోటుంటే ఫాల్సా పెట్టుకోండి. హైదరాబాద్‌లో ఎండాకాలం షర్బత్ చేసే చిన్న ఊదా పండు అదే. డిసెంబరు చివర రెండడుగులకు కొట్టేస్తే చాలు, ఎండలు ముదిరేకొద్దీ కాస్తుంది. పాలమూరు గుట్టల మీద కలే పండ్లు, పరికి పండ్లు ఏరుకున్న తరానికి దాని పులుపు పరాయిది కాదు.

మల్బరీ కోసేటప్పుడు మీ అమ్మాయికి ఒకటి చూపించండి. ఎర్రటి పండు అందంగా ఉంటుంది కానీ పుల్లన, అప్పుడే కోస్తే మళ్లీ తీయబడదు. నలుపు తిరిగి, కొమ్మ కింద అరచేయి పట్టి వేలితో మెల్లగా కదిపితే తనంతట తానే చేతిలో పడేదే పండింది. లాగితే తప్ప రానిది ఇంకో రెండు రోజులు ఉంచండి. పచ్చివి, కాడ దగ్గర పాలు కారేవి ఎక్కువ తింటే కడుపు తిప్పుతుంది. పొద్దున్నే కోయండి, కడిగింది ఆ పూటకే తినాలి. మిగిలినవి కడగకుండా వెడల్పాటి డబ్బాలో ఒకే వరసగా పరిచి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు నిలుస్తాయి.